మూడో రోజు తిరగకలిపిన బీరు

ప్లేనో, టెక్సస్
ఫిబ్రవరి 8, 2009

పూజ్యులైన లీలావతి వదినగారికి,
మీ మరదలు జయంతి నమస్కరించి రాస్తున్నది.

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకండి. అందరం క్షేమమే. ఫోనైతే మీ తమ్ముడు స్పీకర్‌లో పెడతారు. ఈమెయిలైతే మా ఇద్దరి పేర్లూ కలిపి ఒకటే అకౌంటు, పాస్‌వర్డ్ మాత్రం ఆయన ఒక్కరిదే. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి గనుక కాగితం మీద పెడుతున్నాను.

కంపెనీలో అందరి జీతాలూ కోసేశారు. పోయిన ఆదివారం మీ తమ్ముడు నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి, కాస్ట్ కటింగ్ తప్పదన్నారు. తెలుగు చానెళ్ళు పోయాయి. ఆగస్టులో నేను కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకున్న అకౌంటింగ్ కోర్సు కూడా పోయింది. నా డిపెండెంట్ వీసా ఉద్యోగం చేయనివ్వదు గానీ చదువుకోనిస్తుంది. అమెరికా ప్రభుత్వానికి లేని అభ్యంతరం మీ తమ్ముడికి వచ్చింది. తెనాలిలో బీకాం ఫస్ట్ క్లాసులో పాసై, ఇక్కడ ఆరేళ్ళుగా పోపులో ఆవాలు ఎన్ని వేయాలన్న లెక్క తప్ప ఇంకో లెక్క చూడలేదు. ఆ కోర్సు మీద నేనెంత ఆశ పెట్టుకున్నానో మీకు తెలుసు. ఆ రాత్రి ఏడ్చాను.

షీటులో ఒక్క గడి మాత్రం చెక్కుచెదరలేదు. ప్రతి శుక్రవారం భాస్కర్ గారూ, ఆంజనేయప్రసాద్ గారూ వచ్చి మా గరాజ్‌లో కూర్చుని తాగే బీరు. ఏదో ఒక బీరు కాదు, బెల్జియం నుంచి దిగిందే కావాలి. అదేమిటంటే, "అది ఖర్చు కాదు, నెట్‌వర్కింగ్" అన్నారు. ముగ్గురిదీ ఒకే కంపెనీ, ఒకే టీము, పక్కపక్క సీట్లు.

మా పక్కింటి వాల్టర్ గారు రిటైరైన స్కూలు టీచరు. ఆయన బీరు ఇంట్లోనే చేసుకుంటారు. ఇంటి వాడకానికైతే తప్పు లేదట, అమ్మితేనే తప్పట. కొన్నదానిలో మూడో వంతు ఖర్చు కూడా కాదన్నారు. నా గోంగూర పచ్చడికి ప్రతిఫలంగా తన పాత బకెట్టు, సీసాలకు మూతలు బిగించే మర ఇచ్చారు.

మొన్న శుక్రవారం గరాజ్‌లోకి పకోడీలు తీసుకెళ్ళి, ఇకనుంచి బీరు నేనే చేస్తాను, మిగిలిన డబ్బుతో కాలేజీలో చేరతాను అన్నాను. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. మీ తమ్ముడు పకోడీ నములుతూ, "మా ముగ్గురిలో ఒక్కడు బాగుంది అన్నా చాలు, నీ ఫీజు మొత్తం నేనే కడతా" అని అందరి ముందూ మాటిచ్చారు. నేను సరేనన్నాను.

మీరు తిడతారని తెలుసు. తిట్టి అయినా ఆశీర్వదించండి.

మీ
జయంతి


క్యారీ, నార్త్ కరొలైనా
మార్చి 1, 2009

చి.సౌ. జయంతికి,
లీలావతి ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి సోఫాలో కూలబడ్డాను. వెంటనే జవాబు రాశాను గానీ స్టాంపులు లేవు. మీ అన్నయ్యగారిని తెమ్మంటే మరచిపోతారు, తీసుకెళ్ళమంటే వీకెండ్ అంటారు, వీకెండ్ వస్తే అసోసియేషన్ మీటింగ్ అంటారు. ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళయినా నాకు కారు నడపడం రాదు కదా. నేర్చుకుంటానన్నప్పుడల్లా "నేనున్నానుగా" అంటారు. ఉన్నారు, పాపం, ఎప్పుడూ మీటింగులోనే ఉన్నారు.

అసలు విషయానికి వస్తాను. తాటిచెట్టు కింద నిలబడి పాలు తాగినా కల్లంటారు. అలాంటిది నువ్వు ఏకంగా బట్టీయే పెడతానంటున్నావు. మన ఇంట్లో ఉల్లిపాయ వేసిన పప్పు నైవేద్యానికి పనికిరాదని పక్కన పెట్టిన వంశం. పైగా నేను ఇక్కడి తెలుగు సంఘానికి మహిళా విభాగం కార్యదర్శిని, మీ అన్నయ్యగారు అధ్యక్షులు. ఆయనకు ఆ వాసన కూడా పడదు. ఎవరింట్లోనైనా పార్టీలో సీసా కనబడితే లేచి వచ్చేస్తారు. మా మరదలు బీరు కాస్తోందని తెలిస్తే ఉగాది నాడు స్టేజీ ఎక్కడానికి నాకు మొహం ఉంటుందా?

మా జగదీష్‌ది తప్పే, కాదనను. కానీ మొగుణ్ణి దారిలో పెట్టడానికి వ్రతాలున్నాయి, బకెట్లు కాదు.

పెద్దదాన్ని, చెప్పవలసింది చెప్పాను.

ఆశీస్సులతో
లీలావతి

తా.క. బకెట్టు అన్నావు. అందులో పులుస్తున్నప్పుడు మూత గట్టిగా బిగించాలా, ఇడ్లీ పిండికి పెట్టినట్టు వదులుగా పెట్టాలా? ఊరికే తెలుసుకుందామని.


ప్లేనో
మార్చి 29, 2009

వదినగారికి నమస్కారాలు.

మూత గట్టిగానే బిగించాలి. మూతకు చిన్న చిల్లు, అందులో నీళ్ళు పోసిన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

మీ తిట్లు చదివాక మీకో శుభవార్త చెప్పాలనిపించింది. ఈ పనికి కావలసింది మడి. నిజం. వాల్టర్ గారు నా పక్కన నిలబడి బకెట్టు, గరిటె, సీసాలు, నా చేతులు, అన్నీ క్రిములను చంపే మందు కలిపిన నీళ్ళతో కడిగించారు. కడిగినదాన్ని మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ కడగాలి. మీ తమ్ముడు వంటింట్లోకి వచ్చి సింకు దగ్గర చెయ్యి పెట్టబోతే ఆ పెద్దాయన ఒక్క చూపు చూశారు. మా అమ్మమ్మ తద్దినం నాడు కూడా అంత కఠినంగా ఉండేది కాదు.

పులిహోర కలిపే పెద్ద గిన్నెలో, మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్టు పాకాన్ని నీళ్ళతో గంటసేపు మరిగించాను. హాప్స్ అని చేదు పువ్వులు, గోళీల్లా నొక్కి అమ్ముతారు, పెసలు మొలకెత్తించే మల్లు గుడ్డలో మూటగట్టి వేశాను. గిన్నెను బాత్‌టబ్‌లో ఐసు మధ్య పెట్టి చల్లార్చి, ఈస్ట్ వేసి, గెస్ట్ బాత్రూంలో బకెట్టు పెట్టి తలుపేశాను. మర్నాటి నుంచి బుడుంగు బుడుంగుమని ఒకటే చప్పుడు. రెండు వారాలయ్యాక కాస్త పంచదార కలిపి సీసాల్లో నింపి మూతలు బిగించాను. మరో రెండు వారాలు ఆగాలి. సహనం ఉన్నవాళ్ళే చేయగలిగిన పని. అందుకే మగవాళ్ళు కొనుక్కుంటారు కాబోలు.

మొన్న శుక్రవారం గరాజ్‌లో పెట్టాను. వాల్టర్ గారు ముందే రుచి చూసి, మొదటిసారికి ఇంత బాగా తనకూ రాలేదన్నారు. మన వాళ్ళు మాత్రం గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, పుక్కిలించినంత పని చేశారు. భాస్కర్ గారు "బాడీ లేదు" అన్నారు. ఆంజనేయప్రసాద్ గారు "ఎంతైనా ఇంటి సరుకే" అన్నారు. మీ తమ్ముడు "ప్రయత్నం పర్లేదు" అన్నారు. బాగుందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. సీసాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. తాగలేని బీరును చివరి చుక్క దాకా తాగి వెళ్ళిన త్యాగమూర్తులు. పైగా ఖాళీ సీసాలన్నీ చెత్త డబ్బాలో పడేశారు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, అదే జరిగింది. ఆగస్టులోగా ఒక్కరిచేత ఆ మాట అనిపించకపోతే ఈ ఏడూ అంతే.

మీ
జయంతి


క్యారీ
ఏప్రిల్ 19, 2009

చి.సౌ. జయంతికి ఆశీస్సులు.

మడి సంగతి రాశావు. ఆచారంతో చేస్తున్నావంటే కొంత నయమే. నలభై ఏళ్ళ మగవాళ్ళు ముగ్గురు తేరగా తాగి వంక పెట్టడం నాకూ నచ్చలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ చేసిన గారెలు తింటూ హోటలు గారెలు మెచ్చుకునేవాడు.

ఉగాది బ్రహ్మాండంగా జరిగింది. మీ అన్నయ్యగారు "వ్యసనాలు – మన యువత" అని ఉపన్యాసం ఇచ్చారు. చుక్క గొంతులో పడితే కులాలు, కుటుంబాలు ఎలా నాశనమవుతాయో చెబుతుంటే ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక అలసిపోయానని, ఒకసారి గరాజ్‌లో వాటర్ హీటర్ చూసి వస్తానని వెళ్ళారు.

నీ బీరుకు బాడీ లేదన్నారు కదా. కారణం నాకు తెలుసు. నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను, మూడో రోజు తిరగకలిపినట్టు ఎక్కడా లేదు. ఆవకాయ పెట్టి మూడో రోజు మూత తీసి అడుగు నుంచి తిరగకలపకపోతే ఏమవుతుంది? నూనె పైన, కారం అడుగున, ముక్కకు ఏదీ పట్టదు. ఊరే వస్తువు ఏదైనా అంతే. ఆ వాల్టర్ గారికి ఆవకాయ తెలియదు, ఆయన్నేం అంటాం. క్యారీలో నా ఆవకాయకు వంక పెట్టినవాడు లేడు. ఈసారి నా మాట విను. మూడో రోజు తిరగకలుపు.

ఆశీస్సులతో
లీలావతి

తా.క. ఈస్ట్, మాల్టు ఎలాంటి షాపులో దొరుకుతాయి? శ్రీవల్లి అని ఇక్కడ మాస్టర్స్ చదివే అమ్మాయి నన్ను గుడికి తీసుకెళ్తూ ఉంటుంది. ఆ పిల్ల ఏదో ప్రాజెక్టు కోసం అడుగుతోంది.


ప్లేనో
జూన్ 7, 2009

వదినగారికి,

మీ మాట విన్నాను. మూడో రోజు పొద్దున వాల్టర్ గారికి తెలియకుండా మూత తీసి అడుగు నుంచి తిరగకలిపాను. గరిటె అందక ఇడ్లీ పిండి కలిపే చెక్క తెడ్డు వాడాను. బాగా కడిగాననే అనుకున్నాను. ఈసారి హాప్స్ ధర మండిపోతోందని సగమే వేశాను కూడా.

మొత్తం పులిసిపోయింది వదినగారూ. ఊరికే పులుపు కాదు, రెండు రోజులు బయట మరచిపోయిన మజ్జిగలా దవడలు లాగేసే పులుపు. వాల్టర్ గారు ఒక గుక్క తాగి, మూత ఎందుకు తీశావని అడిగారు. మా ఆచారమని చెప్పాను. ఆయన తెడ్డు తెప్పించుకుని వాసన చూసి, దీని పగుళ్ళలో ఏళ్ళనాటి ఇడ్లీ పిండి కాపురముంటోంది, ఆ పులుపే ఇందులో చేరింది, హాప్స్ సగమే వేయడంతో దాన్ని ఆపేది లేకపోయింది అన్నారు. మడి కట్టుకుని మైల తెడ్డు పెట్టానన్నమాట.

పారబోయడానికి చేతులు రాలేదు. సీసాల్లో నింపుదామంటే మామూలు సీసాలు వాళ్ళు పారేశారు. మీ తమ్ముడు తాగగా మిగిలిన ఖాళీ బెల్జియం సీసాలే ఉన్నాయి. వాటి లేబుళ్ళు వేడి నీళ్ళలో నానబెట్టినా ఊడలేదు, అలాగే నింపేశాను. వెనిగర్‌గా వాడుకుంటానని వాల్టర్ గారు అడిగారు, ఆయన కోసం గరాజ్ మూల పెట్టాను.

మళ్ళీ సామాను కొనడానికి నా దగ్గర డబ్బు లేదు. మీ తమ్ముడు ఎక్సెల్ షీటులో "బీర్ ప్రయోగం – నష్టం" అని ఎర్ర గడి ఒకటి చేర్చారు. మీ మీద కోపం లేదు. నా మీదే ఉంది.

జయంతి


క్యారీ
జూన్ 28, 2009

జయంతికి,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. తెలియని పనిలో పెద్దరికం చూపించి నీ బకెట్టు పాడుచేశాను. నా ఆవకాయకు వంక పెట్టినవాడు లేడని రాసుకున్నాను చూడు, ఆ పొగరే. క్షమించమని పెద్దవాళ్ళు అడగకూడదంటారు, నేను అడుగుతున్నాను.

ఇంకో సంగతి. శ్రీవల్లికి ప్రాజెక్టు లేదు, పాడూ లేదు. ఆ సామాను నాకే. మే నెలలోనే తెప్పించాను. గెస్ట్ బెడ్‌రూమ్ అల్మరాలో, పట్టుచీరల పెట్టె పక్కన, నా బకెట్టు కూడా బుడుంగుమంటోంది. ఎందుకని అడుగుతావు. మీ అన్నయ్యగారు వాటర్ హీటర్ చూసి వస్తానని వెళ్ళారని రాశాను కదా, వారానికి మూడు రోజులు అదే పని. స్టీలు గ్లాసుతో వెళ్తారు. ఎవరైనా చూస్తే మజ్జిగ అంటారు. వాటర్ హీటర్‌కి అంత సేవ చేసిన మగవాడు ఈ రాష్ట్రంలో లేడు. దాని వెనక ఏ సీసా ఉందో నాకు పదకొండేళ్ళుగా తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే నేను కూడా కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఆయన ఉపన్యాసానికి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నవ్వు ఆపుకోలేక వచ్చిన నీళ్ళవి.

నువ్వు చేస్తున్నావని తెలిశాక, ఆ మజ్జిగేదో నేనే చేయకూడదా అనిపించింది. నేను మాత్రం తిరగకలపలేదు. నీ ఉత్తరం రాకముందే కలపబోయాను. శ్రీవల్లి ఇంటర్నెట్‌లో ఏదో వెతికి చదివి నా చెయ్యి పట్టుకుంది.

ఆగస్టు ఇంకా రాలేదు. ఆ పిల్లచేత నీకు సామాను పంపిస్తాను. నిరాశపడకు.

లీలావతి


ప్లేనో
ఆగస్టు 23, 2009

వదినగారికి వేయి నమస్కారాలు.

మీ పార్సిల్ అందింది, కానీ ఆ అవసరం లేకుండానే పని అయిపోయింది. మొదటి నుంచి చెబుతాను.

జూలై నాలుగున మీ తమ్ముడు వాళ్ళ డైరెక్టర్ క్రెయిగ్‌ని బార్బెక్యూకి పిలిచారు. క్రెయిగ్‌కి బీరంటే ప్రాణమట, ఇంట్లో నేలమాళిగ నిండా సీసాలట. మన ముగ్గురూ ఆయన ముందు మార్కుల కోసం తెగ పాటుపడ్డారు. కొన్నవి అయిపోయాయి. ఇంకేమైనా ఉన్నాయేమోనని గరాజ్‌లోకి వెళ్ళిన మీ తమ్ముడు వెలిగిపోతున్న మొహంతో ఆరు బెల్జియం సీసాలతో వచ్చారు. వాల్టర్ గారి వెనిగర్ అది. చెబుదామని లేచాను. అంతలో మీ తమ్ముడు "ఇవి ప్రత్యేకంగా దాచి ఉంచినవి" అని క్రెయిగ్‌తో అన్నారు. నేను కూర్చున్నాను.

క్రెయిగ్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. ఈ పులుపు కోసం బెల్జియంలో ఊరూరా తిరిగానన్నాడు, అక్కడ పుల్లటి బీరు చేయడం ఒక కళట. ఇక చూడాలి మన వాళ్ళని. మీ తమ్ముడు, ఇందులో లోతు ఉంది, నేర్చుకుంటే గానీ తెలియదని ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఆంజనేయప్రసాద్ గారు దవడలు లాగేస్తున్నా ఒక్క బొట్టు వదల్లేదు. భాస్కర్ గారు నా వైపు తిరిగి జాలిగా, "అమ్మా జయంతీ, ఇదీ బాగున్న బీరంటే. నువ్వు చేసినదానికీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా" అన్నారు.

మీరు అన్నది విన్నాను, ఇంకెవరైనా అంటారా అని అడిగాను. ముగ్గురూ బాగుందన్నారు. అప్పుడు క్రెయిగ్, ఇది ఏ సంవత్సరంది అని మీ తమ్ముణ్ణి అడిగాడు.

"మే నెలదండీ," అన్నాను నేను. "మా గెస్ట్ బాత్రూంలో తయారైంది."

మీ తమ్ముడు గ్రిల్ మీద చికెన్ తిప్పడం మరచిపోయి మాడ్చేశారు. వాల్టర్ గారు కంచె అవతల నుంచి, నిజమే, ఇడ్లీ తెడ్డుతో కలిపింది అని సాక్ష్యం చెప్పారు. క్రెయిగ్ పడీపడీ నవ్వి, ఆ తెడ్డు చూపించమన్నాడు. తెస్తే రెండు చేతులతో అందుకున్నాడు. మీ తమ్ముడు మాటిచ్చిన సంగతి ఆంజనేయప్రసాద్ గారే గుర్తుచేశారు, మొత్తం అవమానం ఒక్కరికే చుట్టి తాను తప్పుకుందామని. డైరెక్టర్ ముందు మీ తమ్ముడు ఏమంటారు? నవ్వుతూ చెక్కు రాశారు.

ఇప్పుడు ఆఫీసులో "మేము ఇంట్లోనే సోర్ బీర్ చేస్తాం" అని చెప్పుకుంటున్నారట. ఆ "మేము" అన్న మాటకు నేను అడ్డు చెప్పలేదు, రిజిస్ట్రేషన్ రసీదు చేతికి వచ్చేసింది గనుక. రేపే మొదటి క్లాసు. పుస్తకాలకు అట్టలు వేసుకుని కూర్చున్నాను.

ఇదంతా మీరు తిరగకలపమన్నందుకే జరిగింది.

మీ
జయంతి


క్యారీ
అక్టోబర్ 26, 2009

జయంతీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఇప్పుడు నా సంగతి విను.

వినాయక చవితి వెళ్ళాక ఒక రాత్రి భోజనంలో, పెరుగన్నం పక్కన, స్టీలు గ్లాసు నిండా నేను చేసింది పోసి "మజ్జిగ తీసుకోండి" అన్నాను. ఆయన గ్లాసులోకి చూశారు. నావైపు చూశారు. నేను ఊరగాయ వడ్డిస్తున్నాను. ఆయన మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "ఉప్పు కాస్త తక్కువైంది" అన్నారు. పదకొండేళ్ళ వాటర్ హీటర్ గురించి మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ అంతే. అప్పటి నుంచి ఆయన గరాజ్‌లోకి వెళ్ళలేదు. భోజనంలో మజ్జిగ మాత్రం అడిగి పోయించుకుంటున్నారు.

అంతలో శ్రీవల్లికి రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మాల్టు అయిపోయింది. నన్ను ఆ షాపుకి తీసుకెళ్ళమన్నాను. మీ అన్నయ్యగారి మొహం పాలిపోయింది. సంఘం అధ్యక్షుడు ఆ బోర్డు కింద కారు ఆపితే, ఎవరి కంటైనా పడితే? నన్ను ఇంకెవరి కారులోనూ పంపలేరు, ఏమని చెప్పి పంపుతారు? మజ్జిగ మానుకుంటారా అంటే అదీ కుదరదు. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటే బాగుంటుంది" అన్నారు. తానే కనిపెట్టినట్టు అన్నారు. పద్నాలుగేళ్ళలో నేను ఎన్నిసార్లు అడిగానో ఆయనకు గుర్తులేదు, నాకు గుర్తుంది. అయినా గుర్తుచేయలేదు. స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా పోనిచ్చి మొదటి టెస్టు పోగొట్టుకున్నాను. రెండోది పోయిన గురువారం పాసయ్యాను.

దీపావళి సభలో ఆయన మళ్ళీ వ్యసనాల మీదే మాట్లాడారు. ఈసారి ఇంకా బాగా మాట్లాడారు.

ఈ ఉత్తరం నేనే పోస్టాఫీసుకి కారులో తీసుకొచ్చాను, బయట పార్కింగ్‌లో కూర్చుని చివరి వాక్యాలు రాస్తున్నాను. స్టాంపులు వంద కొన్నాను. ఇది డబ్బాలో వేశాక మాల్టు షాపుకి వెళ్ళాలి. షాపు ఇక్కడికి దగ్గరే. కానీ ముందు ఊరంతా ఒక చుట్టు తిరిగి, అప్పుడు వెళ్తాను.

మీ వదిన
లీలావతి